మేస్త్రీ కోటు బరువు

పొద్దున్నే పాలావిడ రాకముందే మేస్త్రీ కింది అంతస్తులో లిఫ్టు ముందు నిలబడి ఉండేవాడు. తలుపులు మూసి, ఖాళీ పెట్టెను ఒకసారి ఏడో అంతస్తుకి పంపి, మళ్లీ కిందికి పిలిచేవాడు. అది వెళ్లి వచ్చేదాకా చెవి తలుపుకి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. నేను దేవుణ్ణి తలచుకునే వేళ కూడా అదే. మా గుమ్మం లిఫ్టుకి ఎదురుగా ఉంటుంది. నేను కళ్లు తెరిచేసరికి ఆయన కళ్లు మూసుకుని ఉండేవాడు. ఇద్దరిదీ ఒకటే పని కదా అనుకునేదాన్ని.

పెట్టె కిందికి దిగాక తలుపు తానే తీసి, పాలావిడను ముందు ఎక్కమనేవాడు.

“ఎక్కమ్మా. ఈ రోజుకి భయంలేదు.”

“రేపటికో?” అని ఆవిడ రోజూ అడిగేది.

“రేపటి సంగతి రేపు పొద్దున చెబుతా.”

ఆ లిఫ్టు ఆయన పనిచేసే లిఫ్టుల కంపెనీది కాదు. దాన్ని చూసుకోమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అయినా పదహారేళ్లు ఆ పని ఒక్కరోజు మానలేదు. ఆయన పనిచేసే చోట నలుగురి మీద పెద్ద కాబట్టి మేస్త్రీ అనేవారు. మా మేడలో పిల్లలకూ ముసలివాళ్లకూ కూడా అదే పేరు. ఆయన భార్యను నేను వదినా అంటాను. వాళ్లకు పిల్లలు లేరు. వదిన లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టి, అట్టలు వేసే పని చేసేది.

ముప్ఫై నాలుగేళ్లు మేస్త్రీ లిఫ్టు తాళ్లు చూసే పనిలోనే ఉన్నాడు. ఆ తాడంటే ఇనుప తీగలు పెనవేసి చేసింది. నూరుకు పైగా సన్నని తీగలుంటాయి అందులో. లిఫ్టును మెల్లగా నడిపిస్తూ, తాడు చుట్టూ ఒక పాత నూలు గుడ్డ పట్టుకునేవాడు. తెగిన తీగ ఉన్నచోట గుడ్డ చటుక్కున పట్టేది. అక్కడ ఆపి, జానెడు మేరలో ఎన్ని తెగాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసేవాడు.

“ఒకటి తెగితే ఏం కాదు. రెండు తెగినా ఏం కాదు,” అని ఒకసారి నాకు వివరించాడు. “ఎన్ని తెగాయన్నది కాదమ్మా చూడాల్సింది. కిందటిసారికీ ఈసారికీ మధ్య ఎన్ని తెగాయన్నది. తాడు మనతో మాట్లాడేది అక్కడే.”

ఆయన ‘ఈ తాడు ఇంకో ఎండాకాలం చూడదు’ అంటే చూసేది కాదు. ‘మూడేళ్లు భయంలేదు’ అంటే మూడేళ్లు ఉండేది. తోటివాళ్లు ఆయన్ని జోస్యం మేస్త్రీ అని ఏడిపించేవారు. “నేను చెప్పేది జోస్యం కాదురా, గుడ్డ చెప్పింది చదువుతున్నానంతే” అనేవాడు.

అటువంటి మనిషికి యాభై నాలుగో ఏట జబ్బు వచ్చింది. వేడినీళ్లు పోసుకుంటే ఒళ్లంతా ఒకటే దురద. ముఖం ఎర్రగా, పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ ఉండేది. రక్తం పరీక్ష చేస్తే ఎర్రకణాలు ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ ఉన్నాయని తేలింది. “ఊళ్లో అందరికీ రక్తం తక్కువైతే నాకు ఎక్కువైందట. అన్నీ ఎదురే నాకు” అని నవ్వాడు. వదిన మాత్రం నవ్వలేదు.

ఆమె నవ్వకపోవడానికి కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట ఆమె తమ్ముడు రక్తం జబ్బుతోనే వాళ్లింట్లో, ఆమె చేతుల మీదే పోయాడు. అతనిది వేగంగా నడిచే రకం. నాలుగు నెలల్లో మనిషి కరిగి, పరుపు మీద దుప్పటి మడత పెట్టినట్టు అయిపోయాడు. రోజూ పొద్దున అతని మణికట్టు చుట్టూ తన బొటనవేలూ చూపుడువేలూ చుట్టి చూసేదట వదిన. మొదట్లో వేళ్లు కలిసేవి కావు. తర్వాత కలిశాయి. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆ మాట నాతో ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఎత్తలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నది, ముప్ఫై అయిదు కూడా ఉండవు. కాగితం మీద ఎముక బొమ్మ గీసి చెప్పింది. ఎముక లోపలి మూలుగలో రక్తం తయారవుతుంది. అక్కడ ఒక కణం దారితప్పి, ఆపమన్నా ఆపకుండా తయారు చేస్తూ పోతోంది. ఇదీ ఒక రకం క్యాన్సరే, కాకపోతే నత్తనడక. చాలామంది దీంతోనే ఇరవై ఏళ్లు బతికి, వేరే దేనితోనో పోతారు. కొందరిలో మాత్రం మూలుగలో నారలు పుట్టి అది గట్టిపడుతుంది. ఇంకా కొద్దిమందిలో ఇదే వేగంగా నడిచే జబ్బుగా మారుతుంది.

“నాది ఏ దారమ్మా?” అన్నాడు మేస్త్రీ.

“అదే మా తలనొప్పి. మొదటిరోజే చెప్పగలిగితే మందు ఎవరికి ఇవ్వాలో, ఎవరిని ఊరికే వదిలేయాలో తెలిసిపోయేది. ఒక్కరోజు చూసి చెప్పలేం. తెల్లకణాలు, ఎడమ డొక్కలో ప్లీహం వాపు, పడుకుంటే చెమటలు, బరువు. ఇవన్నీ మూడు నెలలకోసారి రాసుకుంటూ పోతే దారి ఎటు తిరుగుతోందో తెలుస్తుంది.”

“అంటే గుడ్డ పట్టుకుని తాడు చూడటమే.”

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. ఆయన వివరించాక బాగా నచ్చింది. అప్పటినుంచి ఆయన వస్తే “రండి, గుడ్డ పట్టుకుందాం” అనేది.

అలా నాలుగేళ్లు గడిచాయి. అప్పుడప్పుడూ ఒక సంచి రక్తం తీసేసేవారు. ప్రతిసారీ వదిన తోడు వెళ్లి బయట బల్ల మీద కూర్చునేది. ఆయన బయటికి రాగానే చేతిలో పసుప్పచ్చ కార్డు తీసుకుని ఒక్క వరుసే చూసేది. తెల్లకణాలు, మిగతా వరుసలు ఆమెకు పట్టవు. బరువు.

“అరవై ఎనిమిది. బాగుంది. పదండి.”

ఆ ఒక్క మాటతో ఆమెకు మూడు నెలలు నిద్ర పట్టేది. మేస్త్రీకి అది తెలుసు.

ఇక్కడినుంచి నేను రాసేది అప్పట్లో నాకు తెలియదు. తర్వాత ఆయనే మా గుమ్మం ముందు కుర్చీ వేసుకుని, ఏదీ దాచకుండా చెప్పాడు.

నాలుగో ఏడు వేసవిలో ఆయన బెల్టుకి ఒక కన్నం కొత్తగా పొడుచుకోవాల్సి వచ్చింది. నాలుగు ముద్దలు తినేసరికి కడుపు నిండినట్టు ఉండేది. తెల్లారి లేచేసరికి చొక్కా తడిసి ఉండేది. వదిన అడిగితే ఉక్కపోత అనేవాడు. పనికి వెళ్లే ముందు మెట్లెక్కి మా మేడ మీద లిఫ్టు మోటారుండే మిషన్ రూము చూసి రావడం ఆయనకు అలవాటు. నాలుగో అంతస్తులో ఆగి, గోడ పగుళ్లు పరీక్షిస్తున్నట్టు నిలబడటం బట్టలు ఆరేయడానికి మేడ మీదికి మెట్లెక్కుతూ నేను చూశాను. గోడకు ఏమైందోనని అనుకున్నాను గానీ మనిషికి ఏమైందని అనుకోలేదు. దేవుడు కళ్లిచ్చాడు, అయినా ఏం లాభం.

ఆ వేసవిలో ఆసుపత్రికి పని మీదనుంచి నేరుగా వెళ్లాడు, వదిన అక్కడికే వచ్చి కలిసింది. ఒంటి మీద కంపెనీ కోటు ఉంది. మోకాళ్లదాకా ఉంటుంది, లోపలా బయటా కలిపి ఆరు జేబులు. తూచే సిస్టరు పెద్దావిడ, అందర్నీ చేయి పట్టి కాటా ఎక్కిస్తుంది. చెప్పులు విప్పమంటుందే గానీ, మగవాళ్లను జేబులు ఖాళీ చేయమని అడగడం మర్యాద కాదనుకునేది. ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఆగింది.

బయటికి వచ్చాక జేబులో చెయ్యి పెడితే పెద్ద పానా తగిలింది. రెండు కిలోలుంటుంది. మర్చిపోయి తెచ్చేశాడు. ‘లోపలికి వెళ్లి చెప్పేద్దాం’ అనుకుంటూ తలెత్తేసరికి వదిన కార్డు చూస్తోంది.

“అరవై ఎనిమిది. బాగుంది. పదండి.”

ఆయన వెనకే నడిచాడు.

మొదటిసారి మరుపు. రెండోసారి మాత్రం మరుపు కాదు. లిఫ్టులో పెట్టెకు అవతలి వైపు ఒక ఎదురుబరువు వేలాడుతుంది. ఇటు ఎంత ఉంటే అటు అంత సరిపెట్టాలి. ఆ ఎదురుబరువు చట్రంలో పేర్చే చిన్న ఇనుప పలకలు కంపెనీ గోడౌన్లో ఉంటాయి. ముప్ఫై నాలుగేళ్లు సరిపెట్టిన చేతికి తన లెక్క సరిపెట్టుకోవడం ఎంతసేపు? ఆసుపత్రికి వెళ్లే రోజు పొద్దున బస్టాపు పక్కన పార్సిల్ ఆఫీసు కాటా మీద ఎక్కి నిజం తెలుసుకునేవాడు. అరవై నాలుగు. నాలుగు కిలోల పలకలు గుడ్డలో చుట్టి, చప్పుడు కాకుండా కోటు లోపలి జేబుల్లో సర్దుకునేవాడు. కార్డులో అరవై ఎనిమిది.

మూడోసారి అరవై ఒకటి. జేబుల్లో ఏడు కిలోలు.

ఆ రోజు వాన పడక ఒకటే ఉక్కపోతగా ఉంది. కాటా దగ్గర సిస్టరు ఆయన్ని చూసి, “కోటు తీసెయ్యండి మామయ్యా, ఉడికిపోతున్నారు” అంటూ చెయ్యి చాపింది. కాలరు దాకా వచ్చింది ఆ చెయ్యి.

“వద్దమ్మా,” అని ఒకడుగు వెనక్కి వేశాడు. లోపల పలకలు ఒకదానికొకటి తగిలి ‘టక్’ మన్నాయి. “లోపల చొక్కా చిరిగింది. నలుగురిలో సిగ్గు.”

సిస్టరు చెయ్యి వెనక్కి తీసుకుంది. “అయ్యో, అలాగా. అత్తయ్యతో కుట్టించుకోకూడదూ? పుస్తకాలు కుట్టే చెయ్యి చొక్కా కుట్టదా?” అని నవ్వి, తానే ఆయన చేయి పట్టి ఎక్కించింది. ఆమె మంచితనం ఆయన వీపు మీద వాతలా తగిలింది. ముల్లు అరవై ఎనిమిది దగ్గర ఊగి ఆగింది.

డాక్టరమ్మ గదిలో మంచం చూపించింది. “పడుకోండి, ప్లీహం చూడాలి. వేసవికి ముందు చూసినప్పుడు తగిలీ తగలనట్టుంది.”

పడుకోవాలంటే కోటు తీయాలి. అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. ఎవరో తెలియని నంబరు. చెవి దగ్గర పెట్టుకుని, “ఎన్నో అంతస్తు? ఎంతమంది లోపల?” అన్నాడు. అవతల ఎవరో బీమా సంగతి చెబుతున్నారు. పెట్టేసి, “లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారమ్మా” అన్నాడు. ముప్ఫై నాలుగేళ్లలో ఆ మాట ఆయన అబద్ధంగా ఎన్నడూ వాడలేదు.

“అయ్యో, వెళ్లండి వెళ్లండి. చెమటలు ఏమైనా? కడుపు నిండినట్టు?”

“లేదమ్మా.”

“ఇది ఒక్కటి చూసి వెళ్లండి,” అంటూ ఆమె కంప్యూటరు ఆయన వైపు తిప్పింది. తెర మీద ఒక గీత, ఈ చివరనుంచి ఆ చివరదాకా ఎత్తూ పల్లం లేకుండా సాగింది. “మీ బరువు. ఎంత అందంగా ఉందో చూడండి. ఇలాంటి జబ్బున్న రెండు వందలమంది వివరాలు పోగుచేస్తున్నాం. మొదట్లోనే ఎవరిది ముదురుతుందో ముందే అంచనా వేసే లెక్క తయారు చేస్తున్నాం. మీరు అందులో ఉన్నారు. అచ్చం మీలాంటి రిపోర్టే ఉన్న ఒకావిడ ఉంది. మందు మొదలుపెట్టాలా ఆగాలా అని తల పట్టుకుంటున్నా. మీరు ఇంత నిలకడగా ఉన్నారు కాబట్టి, ఆవిడనీ ఇంకో ఆరు నెలలు ఆపి చూద్దామనుకుంటున్నా.”

మేస్త్రీ గది బయటికి వచ్చాడు. నడవాలో కుట్టుపని చేసే ఒకావిడ లేచి నిలబడింది. నలభై ఉంటాయి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది, తీయడం మర్చిపోయినట్టుంది. రెండేళ్లుగా అక్కడే చూసిన మొహమే. ఆవిడ దవడలు లోపలికి పోయి ఉన్నాయి.

“అన్నయ్యా, మీదీ నాదీ ఒకటే జబ్బట కదా. డాక్టరమ్మ పేరు చెప్పలేదు గానీ, ‘లిఫ్టులు బాగుచేసే ఒకాయన ఉన్నారు, నాలుగేళ్లుగా బండరాయిలా ఉన్నారు’ అంది. ఇంకెవరుంటారు మీరు కాక? మిమ్మల్ని చూస్తే నాకు నిమ్మళంగా ఉంటుంది.”

“చెమటలు పడుతున్నాయా నీకు?” ఆయనకు తెలియకుండానే నోట వచ్చేసింది.

“పడుతున్నాయి. అయినా మీరు ఉన్నారుగా.”

అవతల బల్ల మీదనుంచి వదిన కార్డుకోసం చెయ్యి చాపి పిలుస్తోంది. మేస్త్రీ ఇద్దరాడవాళ్ల మధ్య నిలబడ్డాడు. ఆ క్షణాన కోటు ఏడు కిలోలు కాదు, ఏడు మణుగులు తూగిందని చెప్పాడు.

“అరవై ఎనిమిది,” అంది వదిన. “బాగుంది. పదండి.”

ఆ తర్వాత నాలుగు రోజులకు ఒక పన్నెండంతస్తుల మేడలో తాళ్లు చూసే పని పడింది. తోడు వచ్చినవాణ్ణి అందరూ సన్నోడు అంటారు. మనిషి తలుపులో పట్టనంత లావు. ఇరవై ఏళ్లుగా మేస్త్రీ దగ్గరే పనిచేస్తున్నాడు. మేస్త్రీ గుడ్డ పట్టి లిఫ్టు నడిపించమన్నాడు. గుడ్డ ఎక్కడా పట్టలేదు. జారిపోతూ నల్లగా తిరిగొచ్చింది.

“గ్రీజు ఎవడు పూశాడురా?”

“నేనే. రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు కదా మేస్త్రీ. తాడు కాస్త నిగనిగలాడితే ఆయనకీ కంటికింపు, మనకీ ఒక తలనొప్పి తగ్గుద్ది.”

“కింద ఎన్ని తెగి ఉన్నాయో చూశావా?”

“చూడకూడదనే కదా పూసింది!” అని సన్నోడు పొట్ట కదిలేలా నవ్వాడు.

మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. “ఇన్‌స్పెక్టరు ఒకసారి ఎక్కి దిగిపోతాడు. రోజూ ఎక్కేది ఎవరు? పైనుండే ముసలావిడ. బడి సంచీ వేసుకుని ఆ తొమ్మిదో అంతస్తు పిల్ల. వాళ్లు నీ గ్రీజును చూసి ఎక్కుతారా, నా సంతకాన్ని చూసి ఎక్కుతారా? వాళ్లకేం తెలుసురా లోపల...”

మాట ఆపి, ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మాట్లాడుతున్నది ఎవరితోనో ఆయనకే తెలియలేదు. సన్నోడికి భయం వేసింది.

“మేస్త్రీ? ఏమైంది? తుడిచేస్తాలే. ఇంతోటి దానికి ఏడుస్తారా ఎవరైనా?”

“ఏడవట్లేదు. గ్రీజు కంట్లో పడింది.”

“గ్రీజు గుడ్డకుంటే మీ కంట్లో ఎలా పడిందో,” అని గొణిగి, తన తువ్వాలు తీసిచ్చాడు. ఇద్దరూ కిరసనాయిలు పోసి రెండు గంటలు ఆ తాడు తుడిచారు. కింద తెగిన తీగలు కనిపించాయి. లిఫ్టు ఆపేసి, తలుపుకి బోర్డు తగిలించి వచ్చారు.

మర్నాడు మేస్త్రీ సెలవు పెట్టి, వదిన లైబ్రరీకి వెళ్లాక, తన వంతు కాకపోయినా ఆసుపత్రికి వెళ్లాడు. నడవాలో నేరుగా సిస్టరు బల్ల దగ్గరికి వెళ్లి, కోటు జేబుల్లోంచి ఒక్కొక్క పలక తీసి వరసగా పెట్టాడు.

“ఇదేంటి మామయ్యా, ఇనుప కొట్టు పెట్టారా?”

“ఇవి కిందటిసారి నేను నీతో తూపించుకున్నవి. ఇప్పుడు నన్ను తూచు.”

సిస్టరు పలకల వైపు చూసింది, ఆయన మొహం చూసింది. నవ్వు పోయింది. చేయి పట్టి ఎక్కించింది. ముల్లు అరవై దాటి ఒక గీత మీద ఆగింది. ఆమె ఆ అంకెను కార్డులో రాసింది. “చొక్కా చిరిగిందన్నారు కదా” అని ఒక్క మాట అంది. కోపంగా అనలేదు. అందుకే అది ఎక్కువ నొచ్చిందట ఆయనకు.

డాక్టరమ్మకు మాత్రం కోపం వచ్చింది. విన్నంతసేపు విని, లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది.

“ఎన్నిసార్లు?”

“మూడు. మొదటిసారి పొరపాటు. రెండుసార్లు కావాలని.”

“చెమటలు?”

“ఏడెనిమిది నెలలుగా.”

“తాడు చూసే మనిషి మీరు. మీకు నేను కొత్తగా చెప్పాలా?”

“అక్కర్లేదమ్మా. నన్ను తర్వాత తిట్టు. ముందు ఆ కుట్టుపనావిణ్ణి పిలిపించు. నా గీత చూసి ఆవిణ్ణి ఆపొద్దు.”

డాక్టరమ్మకు కోపం అంతా ఎటు పోయిందో, ఫోను తీసి ఎవరికో చెప్పింది, ఆవిణ్ణి ఈ వారమే రమ్మనమని. తర్వాత కంప్యూటరులో ఆయన గీత తెరిచి, మూడు చుక్కలు ఎర్రగా మార్చి, పక్కన ‘నమ్మదగినవి కావు’ అని రాసింది. “ఒక్కరి అంకెల మీద ఎవరి ప్రాణమూ నిలబడదులెండి. కానీ ఇలాంటివాళ్లు మా లెక్కలో ఉన్నదే కొద్దిమంది. ఒక్క తప్పు గీత కూడా చాలా దూరం లాగుతుంది” అంది. ఈసారి ఆయన మంచం మీద పడుకున్నాడు. ఆమె వేళ్లు ఎడమ పక్కటెముక కింద దిగి, అక్కడే ఆగాయి. నాలుగు వేళ్ల మేర పెరిగింది ప్లీహం.

అదేరోజు నడుము వెనక ఎముకలోంచి సూదితో మూలుగ తీశారు. జవాబు పది రోజులకు వస్తుందన్నారు.

ఆ పది రోజులూ ఎలా గడిచాయో ఆయన చెప్పలేదు గానీ, నాకు కొంత తెలుసు. పొద్దున లిఫ్టు దగ్గర నిలబడేవాడు, కానీ పాలావిడతో మాట ఉండేది కాదు. ఆవిడే “భయంలేదా మేస్త్రీ?” అని అడిగి ఎక్కేది. నడుము మీద కట్టు చూసి వదిన అడిగితే, ఇనుప కమ్మీ గుద్దుకుందన్నాడు. అబద్ధం ఒంటరిగా ఉండదు, పిల్లల్ని కంటుంది. వదినకు నమ్మకం కుదరలేదు. పదో రోజు లైబ్రరీకి సెలవు పెట్టి, “ఎక్కడికి వెళ్తే అక్కడికి నేనూ వస్తా” అని చెప్పులు వేసుకుంది. ఆసుపత్రిలో ఎప్పుడూ కూర్చునే బల్ల మీదే కూర్చుంది.

డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. మూలుగలో నారలు మొదలయ్యాయి. బాగా ముదిరిన దశ కాదు, మధ్యలో ఉంది. వేగంగా నడిచే జబ్బుగా మారిన గుర్తులు ఇప్పటికి లేవు. ఇన్నాళ్లూ నెమ్మదిగా నడిచే గుంపులో పెట్టిన మనిషిని మధ్య గుంపులోకి మార్చాల్సి వస్తోంది. మందు ఈ వారమే మొదలుపెడదాం.

“ఎన్నేళ్లమ్మా?”

“అది చెప్పను. తెలియక. ఆ గుంపులో అయిదేళ్లున్నవాళ్లూ ఉన్నారు, పదిహేనేళ్లున్నవాళ్లూ ఉన్నారు. మందుకి మీ ఒళ్లు ఎలా పలుకుతుందో చూస్తే కొంత తెలుస్తుంది. ఇంకో ఆరు నెలలు ఆ కోటు వేసుకుని తిరిగి ఉంటే మాత్రం ఈ మాటా చెప్పలేకపోయేదాన్ని.”

“ఆ కుట్టుపనావిడ?”

“ఆవిడకి మొన్ననే మందు మొదలుపెట్టాం. అంతకంటే అడగకండి.”

మేస్త్రీ రెండు చేతులూ జోడించాడు. ఎవరికని నేనడిగితే, “ఏమో, అక్కడ ఉన్నవాళ్లందరికీ” అన్నాడు.

లేవబోతుంటే డాక్టరమ్మ ఆపింది. “ఇంకోటి. మొదటి మూడు నెలలు నాకు వారం వారం బరువు కావాలి. ఇంట్లో కాటా పెట్టుకోండి. రాసేది మాత్రం మీరు కాదు.”

“ఎందుకమ్మా?”

“మీరు రాసింది నేను నమ్మను కాబట్టి. ఏమీ అనుకోకండి.”

“అనుకోవడానికేముంది. న్యాయమే.”

“మరి ఎవరు రాస్తారు?”

ఆయన తలుపు వైపు చూశాడు. గరుకు అద్దంలోంచి బల్ల మీద కూర్చున్న మనిషి ఆకారం మసకగా కనిపిస్తోంది. అటూ ఇటూ కదులుతోంది.

కదిలే పెట్టె నెత్తి మీద, పన్నెండంతస్తుల చీకటి గొయ్యిలో, పట్టుకోవడానికి ఏమీ లేకుండా ముప్ఫై నాలుగేళ్లు నిలబడ్డ కాళ్లు అవి. తలుపునుంచి బల్లకు ఆరడుగులు. ఆ ఆరడుగులూ గోడ పట్టుకుని నడిచాడట.

వదిన చెయ్యి చాపింది. “ఎంత?”

కార్డు ఇవ్వలేదు ఆయన. పక్కనే కూర్చున్నాడు.

“అరవై ఒకటి.”

ఆమె చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. “తప్పు చూశారేమో. కిందటిసారి అరవై ఎనిమిది కదా?”

“కిందటిసారి అరవై ఒకటే. మిగతాది ఇనుము. జేబుల్లో పెట్టుకున్నా. అంతకుముందూ పెట్టుకున్నా.”

 నడవాలో ఎవరో స్ట్రెచరు తోసుకుపోయారు. అది మలుపు తిరిగేదాకా వదిన దాన్నే చూసింది. ఆ తర్వాత చాలా చిన్న గొంతుతో, “నా కోసమా?” అంది.

“నీ కోసమే అనుకున్నా. నాకు భయమై అలా అనుకున్నానేమో. మూలుగ గట్టిపడుతోందట. మందు ఇస్తారు. నీ తమ్ముడి జబ్బు కాదిది, ఇంకా కాలేదు. ఎప్పటికైనా అవుతుందా అంటే, వాళ్లకీ తెలియదు.”

“ఇంకేమైనా దాచారా?”

“నడుముకి కమ్మీ గుద్దుకోలేదు.”

“అది నాకు తెలుసు,” అంది వదిన. కళ్లు తుడుచుకుంది. కోపంగా ఉందో, దుఃఖంగా ఉందో ఆమె మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

 మేస్త్రీ ఆమె వైపు తిరిగి అడిగాడు.

“నువ్వు నాకో సాయం చెయ్యాలి. వారానికోసారి నన్ను తూచి రాసి పెట్టు. ఎక్కే ముందు జేబులు నువ్వే వెతుకు, సిగ్గుపడకు. తగ్గితే తగ్గిందనే రాయి. నా మొహం చూసి నువ్వు ఒక్క గ్రాము కూడా కలపొద్దు.”